పిడికెడు బంగారం, వెల లేదు

న్యూజిలాండ్‌లో నర్సు ఉద్యోగం ఖాయమైందని మెయిల్ వచ్చిన రోజు మా ఆయన అంతా విని, చేతిలోని నేత నాడెను పక్కన పెట్టి, "మగ్గం రానిస్తరా?" అని ఒక్కటే అడిగాడు.

నేను హనుమకొండలో ఒక ఆసుపత్రి ఆపరేషన్ థియేటర్లో పద్దెనిమిదేళ్లు పనిచేశాను. ఆయన వరంగల్ కొత్తవాడలో జంపఖానాలు నేస్తాడు. మాకు పిల్లల్లేరు. ఆ సంగతి మీద మా వాడకట్టంతా ఎప్పుడో మాట్లాడేసింది కనుక నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. ఇంట్లో మేమిద్దరం, ముందు గదిని సగానికి పైగా ఆక్రమించుకున్న గుంట మగ్గం, గోడకు అవతలి వాటాలో మా వదిన. వదిన అంటే మా ఆయన అక్క. భర్త పోయాక ఆమె ఇటే వచ్చేసింది. తమ్ముడికి దారం చుట్టి ఇవ్వడం, నాకు బుద్ధులు చెప్పడం ఆమె పని. రెండూ మానకుండా చేసేది.

అక్కడ కొత్త మగ్గం చేయించుకోవచ్చు కదా, ఆ దేశంలో కర్రకేమైనా కరువా అన్నాను.

"గీ వయసుల కొత్తదాన్ని మచ్చిక చేసుకుంట కూసోవాల్నా? నా నడుముకు ఇదే అలవాటు" అన్నాడు.

"నన్నంటానవా, మగ్గాన్నంటానవా?"

"ఇద్దర్ని."

నవ్వాను గానీ, ఆయన నవ్వలేదు. "నువ్వు పొద్దుగాల్నే దవాఖానకు పోతవ్. నేనేం జెయ్యాలె? టీవీ చూసుకుంట కూసోవాల్నా? మగ్గం అక్కడ ఒడ్డుకు చేరితె నేనొస్త. అది ఆగితె నేనీడనే ఉంట. నువ్వు పోయి రా, నేను వద్దంటలేను" అన్నాడు. ఒకసారి చెప్పిన మాటను రెండోసారి చెప్పే అలవాటు ఆయనకు లేదు. నా ఒప్పందం మూడేళ్లు. ఇద్దరికీ వీసాలు వచ్చాయి. మూడేళ్లు కలిసి ఉంటామా, విడిగా ఉంటామా అన్నది ఇప్పుడు ఆ కర్రల మీద ఆధారపడింది.

ఆ దేశపు క్వారంటైన్ నిబంధనలు ముందేసుకుని చదివాను. వాడిన కర్ర వస్తువులకు మట్టి అంటకూడదు, బెరడు ఉండకూడదు, పురుగు తొలిచిన రంధ్రాలుంటే ఆపేస్తారు. గడ్డితో చుట్టకూడదు. పండ్లు వచ్చిన అట్టపెట్టెలు, ధాన్యం నింపిన గోనెసంచులు వాడకూడదు. తినే వస్తువు ఏది పెట్టినా జాబితాలో రాయాలి. రాయకుండా దాస్తే జరిమానా, ఆ తర్వాత మిగతా సామాన్ల మీద కూడా అనుమానం. శుభ్రం కానివాటిని వెనక్కి పంపుతారు, లేదా నాశనం చేస్తారు. నాశనమంటే ఎట్లా అని మా ఆయన అడిగాడు. కాలుస్తారేమో అన్నాను. ఆ పూట అన్నం సగంలో వదిలేశాడు.

నిజం చెప్పాలంటే ఆ మగ్గమంటే నాకు పడదు. పొద్దంతా చేతులు మోచేతుల దాకా కడుక్కుని, ముక్కుకు గుడ్డ కట్టుకుని, దుమ్ము కణం కూడా లేని గదిలో నిలబడి వచ్చేదాన్ని. ఇంటికొస్తే దూదిపింజలు. మంచం మీద, అన్నం గిన్నె మూత మీద, నా జడలో. ఇరవై రెండేళ్లు ఊడుస్తూ తిట్టాను, తిడుతూ ఊడ్చాను. ఇప్పుడు దాన్నే ఆపరేషన్ గదిలోకి పోయేంత శుభ్రంగా తయారుచేయాల్సిన పని నా నెత్తిన పడింది.

నేస్తున్న జంపఖానాను పూర్తిచేసి, కోసి, మగ్గం విప్పాం. మా పెళ్లయిన ఏడాది మా వాడకట్టు వడ్రంగి వడ్ల తాతతో చేయించుకున్న టేకు మగ్గం అది. కాళ్లు భూమిలో పాతినవి. పైకి తీస్తే మూరెడు మేర మట్టి గట్టిపడి కర్రలో కలిసిపోయి ఉంది. సందుల్లో నూనె, గంజి, చెమట, పాత రంగు దారాల పోగులు కలిసి నల్లగా పేరుకున్నాయి. దాన్ని గీకడానికి నా దగ్గరున్న పాత టూత్‌బ్రష్షు ఒక్క సందుకే అరిగిపోయింది.

ఇంకో బ్రష్షు ఉంటే ఇస్తారా అని పక్కింటి ఆమెను అడిగాను. ఆమె బ్రష్షు తెచ్చి ఇవ్వకుండా తానే కూర్చుంది. తర్వాత ఎదురింటామె వచ్చింది. మర్నాటికి ఏడెనిమిది మంది, ఎవరి పాత బ్రష్షు వాళ్లు తెచ్చుకుని, మా వాకిట్లో కర్రల చుట్టూ చేరారు. వాళ్లంతా మగ్గాలున్న ఇళ్లవాళ్లే. ఏ మూల ఏం పేరుకుంటుందో నాకు చెప్పాల్సిన పని లేకుండా వాళ్లకే తెలుసు.

"ఏంది చెల్లె, మగ్గానికి ఆపరేషనా?" అంది ఎదురింటామె.

"అవునక్క. మత్తిచ్చినం. మెల్లగ మాట్లాడున్రి."

"లేసినంక గుర్తువడతదా మొగన్ని?"

మా ఆయన సిగ్గుపడి టీ తెస్తానని బజారుకు పోయాడు. నాలుగు రోజులు అలా వచ్చారు. వాళ్ల ఇళ్లల్లో పని లేకనా? నేనెవరినీ రమ్మనలేదు, పొమ్మనాలనీ అనిపించలేదు. పద్దెనిమిదేళ్లలో వాళ్లతో కూర్చుని ఒక మధ్యాహ్నం గడిపింది లేదు. నా డ్యూటీలు, నా శుభ్రం పిచ్చి నన్ను ఎప్పుడూ గుమ్మానికి లోపలే ఉంచాయి. ఊరు విడిచే ముందు ఆ నాలుగు రోజులు దొరికినందుకు ఇప్పటికీ వాళ్లకు మనసులో దండం పెట్టుకుంటాను.

మూడో రోజు నా వంతుకు దోనె వచ్చింది. నేసిన బట్టను చుట్టుకునే దూలం అది. నేసేటప్పుడు మనిషి పొట్ట దానికే ఆనుతుంది. కడుగుతుంటే మధ్యలో చేతికి పల్లం తగిలింది. నున్నగా, అద్దంలా ఉంది అక్కడ. మా ఆయన పొట్ట ఆని ఆని ఏర్పడిన పల్లం. నేను పెళ్లయ్యాక నర్సింగ్ చదివాను. ఆ మూడున్నరేళ్లు ఆయన ఇద్దరు మనుషుల పని చేసి నన్ను చదివించాడు. ఆ సంగతి నాకు తెలియనిది కాదు, అందరికీ గొప్పగా చెప్పుకున్నాను కూడా. కానీ దాన్ని అలా చేత్తో తడమడం అదే మొదలు. నాకు చాలా సిగ్గేసింది. తల దించుకుని ఆ ఒక్క చోటే చాలాసేపు రుద్దుతూ కూర్చున్నాను. వదిన చూసింది, బుద్ధి చెప్పకుండా నీళ్ల బకెట్టు నా దగ్గరికి జరిపింది. అది ఆమెకు అలవాటు లేని పని.

కడిగి ఆరబెట్టాక వడ్ల తాతను పిలిచాం. తాను చేసిన మగ్గం కనుక ముందు దాన్ని కాసేపు మెచ్చుకున్నాడు. తర్వాత చిన్న సుత్తితో ప్రతి కర్రనూ తడుతూ చెవి ఆనించి విన్నాడు. ఒక నిలువు కర్ర దగ్గర ఆగాడు. అడుగున, పెన్ను రీఫిల్ పట్టేంత రంధ్రం. ఎప్పటిదో పురుగు తొలిచింది.

"లప్పం పెట్టి మూసి, పాలిష్ కొడదామా తాతా? కనబడదు గద" అన్నాను.

తాత నా వైపు చూశాడు. "నువ్వు దవాఖానల గట్లనే చేస్తవా బిడ్డా? లోపట చీముంచి మీద కుట్లేస్తవా?"

ఆయన డ్రిల్లు తెచ్చి ఆ రంధ్రాన్ని వేలు పట్టేంత వెడల్పు చేసి, అటు నుంచి ఇటు కనబడేలా తెరిచిపెట్టాడు. లోపల పురుగు లేదు, పొడి లేదు. "సూసెటోడు సూసుకోవాలె. మనం దాపెట్టినమనుకో, వానికి అన్నీ అనుమానమే" అన్నాడు. కూలి ఇవ్వబోతే, "నా చేతి పని ఓడెక్కుతాంది, నేనే మీకియ్యాలె" అని నవ్వి వెళ్లిపోయాడు.

ప్యాకింగ్ రోజు దగ్గరపడింది. వదిన ఎక్కడి నుంచో మిర్చి మార్కెట్ గోనెసంచులు పది తెచ్చి, వీటితో చుడితే కర్రకు దెబ్బ తగలదంది. ఒక్కటి దులిపేసరికి ఇల్లంతా తుమ్ములు. అప్పుడు ఆమెను కూర్చోబెట్టి నిబంధనలన్నీ తెలుగులో చెప్పాను. గోనెలు వద్దు, గడ్డి వద్దు. "ఇంకో మాట వదినె. ఏది పెట్టినా రాయించాలె. రాయకుంట పెడితె దానితోని మగ్గం గూడ పోతది" అన్నాను. ఆ చివరి మాటకు ఆమె ముఖం మారింది. అట్లనే అని తలూపింది.

ప్యాకింగ్‌వాళ్లు వచ్చిన రోజు థియేటర్లో మనిషి తక్కువై నాకు సెలవు దొరకలేదు. హైదరాబాద్ నుంచి వచ్చిన వాళ్ల సూపర్‌వైజర్‌ది వేరే రాష్ట్రం, అంతంతమాత్రం తెలుగు. ఏ పెట్టెలో ఏముందో ఇంగ్లిష్‌లో రాసుకోవడం ఆయన పని. మా ఆయన మగ్గం చుట్టించే పనిలో ఉంటే, మిగతావి చెప్పి రాయించే పని వదిన తీసుకుంది. సాయంత్రం నేను ఇంటికి చేరేసరికి లారీ స్టార్ట్ చేసి ఉంది. ఎనిమిది పేజీల జాబితా నా చేతిలో పెట్టారు. నిలబడే చివరి పేజీలో సంతకం చేశాను. కడుపు కుట్టే ముందు దూది ముక్కలు రెండుసార్లు లెక్కపెట్టించే మనిషిని, ఎనిమిది పేజీలు చదవకుండా సంతకం చేశాను.

డ్యూటీలో చేరే తేదీ ఉంది కనుక నేను ముందు వచ్చేశాను. కార్లు పెట్టుకునే షెడ్డు ఉన్న చిన్న ఇల్లు అద్దెకు తీసుకున్నాను. అద్దె ఇంట్లో గుంత తవ్వనివ్వరు కాబట్టి, మగ్గాన్ని నేల మీదే నిలబెట్టేలా ఇనుప కాళ్లు చేయించి ముందే సామాన్లలో వేశాడు మా ఆయన. ఓడ రావడానికి పట్టిన ఆ రెండు నెలలూ ఆయన వేరేవాళ్ల మగ్గం మీద నేయడానికి పోయేవాడు. ఫోన్ చేస్తే ఓడ ఎక్కడిదాకా వచ్చిందని అడిగేవాడు. నేను తిన్నానా లేదా అన్నది ఆ తర్వాత.

ఓడ వచ్చింది. మర్నాడు మెయిల్ వచ్చింది. మీ పెట్టెల్లో ఒకదానిలో బంగారం ఉందని రాశారు, దాని విలువ సున్నా అని రాశారు, మీరు స్వయంగా వచ్చి చూపించాలి, అప్పటిదాకా సామాన్లన్నీ ఆపి ఉంచుతాం అని. నా మెడలో ఉన్నది తప్ప మాకు వేరే బంగారం ఎక్కడిది? ఇంటికి ఫోన్ చేస్తే వదిన ఎత్తింది.

"బంగారమేంది వదినె? ఎవలు పెట్టిన్లు?"

"నేనే పెట్టిన. సమ్మక్క బంగారం. మగ్గం పెట్టెల్నే పెట్టిన, తొవ్వల తోడుంటదని. రాయించిన గూడ. నువ్వే అంటివి గదనే, ఏది పెట్టినా రాయించాలెనని."

మేడారం జాతరలో అమ్మవార్లకు ఇచ్చేది బెల్లం. మేం దాన్ని బంగారం అంటాం. సరదాకు అనే మాట కాదది, మాకు దాని పేరే అది. మొక్కు ఉన్నవాళ్లు తమ ఎత్తు తూచి ఇస్తారు, నిలువెత్తు బంగారమని. అక్కడి నుంచి తెచ్చుకున్న ముద్దను మా వదిన స్టీలు డబ్బాలో దాచుకుని, జ్వరమొచ్చినా, ప్రయాణమున్నా కళ్లకద్దుకుని చిటికెడు నోట్లో వేసుకుంటుంది.

జరిగింది ఆమే చెప్పింది. సూపర్‌వైజర్ కలం ఆపి, నిజం బంగారమా అని అడిగాడట. "అమ్మతోడు, నిజం బంగారం" అందట. ఎంత అంటే పిడికెడు అందట. వెల ఎంత వేయమంటారని అడిగితే, "దానికి ఎల కట్టెటోడు ఇంక పుట్టలే కొడుకా" అందట. పాపం ఆయనకు ఆ తెలుగు ఎంతవరకు అర్థమైందో, వెల దగ్గర సున్నా వేశాడు.

"బెల్లమని చెప్తె అయిపోతుండె గదా వదినె!"

"నోరు ముయ్యి. ప్రసాదాన్ని పట్టుకొని బెల్లమంటరా ఎవలన్న?"

నవ్వొచ్చింది, వెంటనే భయమేసింది. మా ఆయన ఫోన్ అందుకున్నాడు. "మగ్గం ఆపిన్లా?" అన్నాడు. నన్ను రమ్మన్నారు, తెరిచి చూస్తారట అని చెప్పాను. "ఊఁ" అని పెట్టేశాడు. ఆ ఊఁ నా చెవిలో వారం రోజులు ఉంది.

తనిఖీ చేసే షెడ్డు రేవు పక్కన. పెద్ద బల్ల మీద మా సామాన్లు. తనిఖీ అధికారి అరవైకి దగ్గరపడ్డ ఆడమనిషి, పొట్టి జుట్టు, మెడలో టార్చి వేలాడుతోంది. ముందు బంగారం చూపించమంది. పక్క బల్లల దగ్గరివాళ్లు కూడా పని ఆపి చూశారు. పెట్టె తెరిచి, కర్రల మధ్య నుంచి పసుపు గుడ్డ మూట తీసి విప్పాను. నల్లటి ముద్ద. చుట్టూ పసుపు కలిపిన బియ్యపు గింజలు నాలుగు, ముద్దకు అంటుకున్న ఒక గడ్డిపరక.

ఆమె వాసన చూసి నా వైపు చూసింది. నాకొచ్చిన ఇంగ్లిష్‌లో చెప్పాను. ఒక తల్లి, ఒక కూతురు. తమ జనం కోసం రాజుతో పోరాడారు. మా అడవిలో ఉంటారు. వాళ్లకు మేమిచ్చేది ఇదే, మా ఊళ్లో దీని పేరు బంగారం. మరి విలువ సున్నా అని ఎందుకు రాశారని అడిగింది. మా వదిన వెల కట్టలేమని చెప్పింది, రాసినాయన సున్నా వేశాడు అన్నాను. ఆమె అప్పుడు మొదటిసారి నవ్వింది.

తర్వాత చెప్పింది. ఇది జాబితాలో లేకుండా ఈ కర్రల మధ్య దొరికి ఉంటే నేను వేరే కాగితం రాయాల్సి వచ్చేది, పేరు తప్పుగా ఉన్నా మీరు దాచలేదు, కానీ దీన్ని లోపలికి పంపలేను అంది. తీసుకోండి అన్నాను. అమ్మవారికి ఇచ్చేయడానికే కదా దాన్ని కొనేది. కళ్లకద్దుకుని ఆమె పట్టిన సంచిలో వేశాను. ఆమె సంచిని విసిరేయకుండా బల్ల మీద నెమ్మదిగా పెట్టింది. ఆ మాత్రం మర్యాదకు నా కళ్లు చెమ్మగిల్లాయి.

ఇక మగ్గం. ఒక్కో కర్రనూ తిప్పి, సందుల్లో సన్నటి చువ్వతో గీకి, టార్చి వేసి చూసింది. ఆ సందుల్లోకి మా వాకిట్లో ఎన్ని బ్రష్షులు దూరాయో నాకు తెలుసు. నిలువు కర్ర దగ్గర ఆగింది. రంధ్రంలో నుంచి అటు చూసింది, ఇటు చూసింది. కింద తెల్ల కాగితం పరిచి కర్రను తట్టింది. కాగితం మీద ఏమీ రాలలేదు. ఇలా తెరిచింది ఎవరని అడిగింది. దీన్ని చేసినాయనే అన్నాను. మంచి పని చేశాడంది. వడ్ల తాతకు ఆ మాట ఫోన్‌లో చెప్పాలని అప్పుడే అనుకున్నాను.

గంటన్నర తర్వాత కాగితం మీద ముద్ర కొట్టి ఇచ్చింది. బయటకు వచ్చి ఫోన్ చేశాను. అక్కడ పొద్దున ఆరై ఉంటుంది. మళ్లీ వదినే ఎత్తింది, మా ఆయన స్నానం చేస్తున్నాడట.

"మగ్గం ఇడిసిపెట్టిన్లు వదినె. నీ బంగారం మాత్రం తీసుకున్లు."

"పోనియ్ తియ్. అమ్మ చేసే పని అమ్మ చేసింది." ఆ వెంటనే తమ్ముడి మాట ఎత్తింది. "ఇగ వీని పానం కుదుటవడతది. టికెట్ చేసుకొచ్చినకాన్నుంచి రోజూ బ్యాగు సదురుతాండు, మల్ల ఇప్పుతాండు."

"ఏం టికెట్?"

"అయ్యో, నీకు చెప్పద్దన్నడు గదా! బంగారం సంగతి తెల్సిననాడే, నీతోని మాట్లాడి ఫోను పెట్టేసి, హనుమకొండకు పోయి చేసుకొచ్చిండు."

మా ఆయన వచ్చి ఫోన్ అందుకున్నాడు. మగ్గం సంగతి తేలకముందే టికెట్ చేసుకుని నాకెందుకు చెప్పలేదని కేకలేశాను.

"చెప్తె నువ్వు వాళ్లతోని గట్టిగ మాట్లాడకపోదువు" అన్నాడు.

"మగ్గం ఆపితె? ఈడ ఏం జేసెటోనివి?"

"ఏముంది, నీకు బువ్వొండి పెట్టెటోన్ని. నువ్వైతే ఉన్నవ్ గద ఆడ."

షెడ్డు ముందు సిమెంటు గట్టు మీద కూర్చుని, అందరూ చూస్తున్నారని కూడా లేకుండా ఏడ్చాను. ఆ అధికారి మధ్యాహ్నం డబ్బా చేత పట్టుకుని బయటకు వచ్చి, నన్ను చూసి ఆగింది. కాగితంలో ఏమైనా తప్పు పడిందా అని అడిగింది.

లేదు, మా ఆయన వస్తున్నాడు అన్నాను.